అద్దెకిచ్చిన చెవి

మా అన్న సారంగపాణి చెవిని అద్దెకు పెట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథ మధ్యలో ఎక్కడో ఒకచోట నన్ను నేను వెనకేసుకొస్తాను. చదువుకున్నవాళ్లకు ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు.

అన్న కాజీపేట స్టేషన్‌లో పనిచేస్తాడు. లోపలికి వచ్చే బండి పక్కన నిలబడి చక్రాల చప్పుడు వినడం ఆయన ఉద్యోగం. ఇరవై పెట్టెలు గడగడా దాటిపోతుంటే, పదకొండో పెట్టె కింద బేరింగు అరుగుతోందని చెప్పేవాడు. బండి ఆగాక వెళ్లి చూస్తే అక్కడే వేడిగా ఉండేది. తక్కినవాళ్లు డ్యూటీ దిగగానే ఆ మోత నుంచి పారిపోయేవారు. మావాడు డ్యూటీ దిగి, టీ తాగి, మళ్లీ రైళ్లు వినడానికే పోయేవాడు. చేతిలో రికార్డరు, దానికి గాలి మోత తగలకుండా చుట్టిన మా వదిన పాత స్వెట్టరు ముక్క.

"పెండ్లయిన కొత్తల సినిమాకు పోదామన్నడు శోభా," అని మా వదిన మంజుల ఇప్పటికీ దెప్పుతుంది. "మంచి చీర కట్టుకొని తయారైతే, గేటు కాడికి తోల్కపోయి గూడ్సు బండి వినిపించిండు. ఇంటర్వెల్ గూడ ఇయ్యలే."

ఇలాంటి పిచ్చి తనకొక్కడికే ఉందని చాలాకాలం అనుకున్నాడు. తర్వాత ఒకరొకరుగా బయటపడ్డారు. దోర్నకల్‌లో టైలర్ యాకూబ్, బిట్రగుంటలో రిటైరైన గార్డు రత్నంగారు, నడికుడి దగ్గర ఒక గేట్‌మన్, ఇద్దరు బడిపంతుళ్లు. పదకొండు మందైనప్పుడు అన్న ఒక వెబ్‌సైట్ పెట్టాడు. దాని పేరు 'కూత'.

అక్కడ జరిగేది ఇంతే. ఒకరు ఒక రైలు చప్పుడు రికార్డు చేసి పెడతారు. పేరు రాయరు, ఊరు రాయరు. మిగిలినవాళ్లు విని చెప్పాలి: ఏ ఇంజను, ఎన్ని పెట్టెలు, కింద ఉన్నది రాతి వంతెనా ఇనుప వంతెనా, పట్టాలు ఎండకు కాగి ఉన్నాయా వానకు తడిసి ఉన్నాయా. యంత్రాన్ని అడగకూడదు, చెవితోనే చెప్పాలి. ప్రతి చప్పుడుకు ముందు ఎనిమిది సెకన్ల నిశ్శబ్దం ఉండాలి. దాన్ని 'చెవి కడుక్కోవడం' అనేవాళ్లు. బయటివాళ్లకు నవ్వొస్తుంది గాని, ఆ పదకొండు మందికి అది పూజలో ఆచమనం లాంటిది.

ఏడేళ్లలో పదకొండు మంది అరవై వేలయ్యారు. ఇల్లు అలకగానే పండుగ కాదని అన్నకు అప్పుడు తెలిసింది. చప్పుళ్లను చిన్న ఫైళ్లుగా కుదిస్తే ఖర్చు తగ్గుతుందని నేను చెప్పాను. "నొక్కితే చక్రం సచ్చిపోతది చెల్లె," అన్నాడు. అన్నీ నిండుగా దాచాలి, లక్షల ఫైళ్లు. సర్వరు అద్దె అన్న జీతాన్ని దాటింది. ప్రకటనలు పెట్టి చూశాడు. గోదావరి వంతెన మీద అర్ధచంద్రంలా వంగి పోతున్న బండి చప్పుడు మధ్యలో ఒకాయన మొలల మందు గురించి గట్టిగా మాట్లాడాడు. పన్నెండో రోజున ప్రకటనలు తీసేశారు. నెలకింతని రుసుము పెడదామంటే, గేట్‌మన్‌కు తలుపు మూసినట్టవుతుందని అన్న ఒప్పుకోలేదు.

"మరి చందా అడుగు. అరవై వేల మంది ఉన్నారు గదా," అన్నాను.

"ఎవ్వల ముందట నేను చెయ్యి చాప," అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. మా నాన్న కూడా రైల్వేలోనే పట్టాల పని చేసేవాడు. ఆయన పోయినప్పుడు దహనానికి కూడా ఇంట్లో ఏమీ లేదు. తోటి పనివాళ్లు ప్లాట్‌ఫారం మీద తువాలు పరిచి చందా పోగు చేశారు. ఆ తువాలు కొసలు పట్టుకుని నిలబడింది పదిహేనేళ్ల అన్న. నాకప్పుడు తొమ్మిది. "ఇచ్చినోళ్లది తప్పు గాదు," అని ఒకసారి నాతో అన్నాడు. "పట్టుకున్నోని చేతులు మాత్రం ఇంక గట్లనే ఉంటయ్." ఆ చందాల మిగులుతోనే నేను ఆ ఏడాది బడి మానలేదు. కాబట్టి ఆయనతో వాదించే హక్కు నాకు లేదనుకున్నాను. వాదించాల్సింది.

నేను హనుమకొండలో ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. చెవి విన్నదాన్ని మెదడు ఎలా వేరు చేస్తుందో చూసే పని మాది. అప్పటికి మేము ఒక పట్టీ తయారు చేశాం. చెవి వెనుక అంటించుకుంటే, మనకు తెలియనంత సన్నగా చప్పుళ్లు లోపలికి పంపుతుంది. ఆ చప్పుడుకు మెదడు ఉలిక్కిపడితే ఆ ఉలికిపాటును పట్టుకుంటుంది. అన్నను ఒక మధ్యాహ్నం ల్యాబ్‌కు రమ్మన్నాను. పట్టీ పెట్టి, చేతిలో పల్లీల పొట్లం పెట్టాను.

"తింటూ కూర్చో. ఏం వినకు," అన్నాను.

"వినకుంట కూసునుడు నాకెక్కడ వస్తది?" అని, పల్లీలకు ఉప్పు చాల్లేదని ఫిర్యాదు మొదలుపెట్టాడు. నేను నిమిషానికి ముప్పై చొప్పున నీళ్లు తోడే పంపుల చప్పుళ్లు ఆయన చెవిలోకి పంపుతున్నాను. తెర మీద గీత నిదానంగా పోతోంది. ఒకచోట చటుక్కున లేచింది.

"ఇప్పుడేం విన్నావు?"

"నువ్వడిగింది విన్న."

గీత లేచిన చోట ఉన్న చప్పుడు ఏదో తీసి చూశాను. అది ఒక కర్మాగారం నుంచి వచ్చిన రికార్డు. చప్పుడు తీసిన మూడు రోజులకు ఆ పంపు బిగుసుకుపోయింది. అప్పటికి దాన్ని ఏ యంత్రమూ కనిపెట్టలేదు. యంత్రాలు తమకు చూపించిన లోపాన్నే పడతాయి. మా అన్న చెవి ఎన్నడూ ఎదురుపడని లోపాన్ని కూడా పట్టేసింది.

విషయం చెబితే పడీపడీ నవ్వాడు. "అంటే నా చెవి నాకు చెప్పకుంట కూలికి పోయిందన్నట్టు!"

పంపులు తయారుచేసే ఒక కంపెనీ ముందుకొచ్చింది. గంట చెవికి ఇంత అని అద్దె. ఆ అద్దె నేరుగా సర్వరు ఖర్చులకు పోతుంది. అన్నకు అందులో నచ్చింది ఒక్కటే. "ఇది చందా గాదు, కష్టం," అన్నాడు. అలా రైళ్ల చప్పుళ్లతో పదునెక్కిన చెవులు మూడు వందలు తేలాయి. ఎవరికి వారు ఇంట్లో అన్నం తింటూ, బట్టలు కుడుతూ, పొలానికి నీళ్లు పెడుతూ రోజుకొక గంట చెవిని ఇచ్చేవాళ్లు. 'కూత'లో చందా పేజీ ఉండాల్సిన చోట డ్యూటీ చార్టు వెలసింది. ఎక్కినప్పుడు సంతకం, దిగినప్పుడు సంతకం.

"ఏవయ్యా సారంగా," అని రత్నంగారు బిట్రగుంట నుంచి ఫోన్ చేసి మురిసిపోయారు. "డెబ్బై రెండేళ్లొచ్చినాయి నాకు. నా చెవికి మళ్లీ ఉద్యోగం ఇప్పించావే!"

ఒక షరతు మాత్రం నేను గట్టిగా పెట్టాను. మనిషికి రోజుకు ఒక్క గంటే. పద్దెనిమిది మంది మీద ఆరు నెలలు పరీక్షించి చూశాం, గంటకు ఏ హానీ లేదు. గంట దాటితే ఏమవుతుందో మాకు తెలియదు. అందుకని గంట కాగానే పట్టీ దానంతట అదే ఆగిపోయేలా చేశాను. ఎవరి గంట ఎంతయిందో వాళ్ల పేరును బట్టి లెక్కపెట్టేలా పెట్టాను. ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి, పేరును బట్టి. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నేను చేయకూడని తప్పు అది.

రెండేళ్లు హాయిగా గడిచాయి. కొత్త సభ్యులు, కొత్త చప్పుళ్లు. పాతబడి పీకేసిన మీటర్‌గేజి లైన్ల చప్పుళ్లు ఎవరి అటకల మీది క్యాసెట్లలోంచో బయటికొచ్చాయి. అన్న ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మొదట చెప్పింది వదినే. ఒకరోజు ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయి, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి అన్నకు చేసింది.

"వచ్చేటప్పుడు పెరుగు తెమ్మన్న శోభా. 'ఎవరమ్మా మీరు' అన్నడు. నాతోటి పదమూడేండ్ల సంసారం! నేను గూడ కోపంల 'పాలామెను' అన్న. 'మాకు పాలు వస్తున్నయమ్మా' అని పెట్టేసిండు."

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాత హారిక బడిలో పాటల కార్యక్రమం. హారిక మా అన్న కూతురు, అప్పటికి తొమ్మిదేళ్లు. నలభై మంది పిల్లలు కలిసి పాడతారు. ప్రతి ఏడాదీ అన్న కళ్లు మూసుకుని కూర్చుని, నలభై గొంతుల్లో హారిక గొంతు విడిగా వినేవాడు. "రెండో చరణంల ఊపిరి తక్కువైంది బిడ్డా," అని ఇంటికొచ్చి చెప్పేవాడు. అదొక ఆట వాళ్లిద్దరికీ. ఆ ఏడు ఆయన కళ్లు మూసుకోలేదు. మునివేళ్ల మీద లేచి, ముందువాళ్ల తలల మీదుగా కూతురు ముఖం కోసం వెతికాడు. ఇంటికొచ్చి "మంచిగ పాడినవ్" అన్నాడు.

"నేను పాడలే అత్తా," అంది హారిక నాతో రహస్యంగా. "గొంతు నొచ్చింది. ఉత్తగనే పెదవులు ఆడించిన."

అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు.

ల్యాబ్‌కు వెళ్లి ముందు 'కూత' తెరిచాను. అన్న ఏ చప్పుడుకూ పేరు చెప్పి ఐదు నెలలైంది. పెద్దాయన చిన్నవాళ్లకు అవకాశం ఇస్తున్నాడని అందరూ అనుకున్నారట. తర్వాత పట్టీల రికార్డులు తీశాను. ఒక్కొక్కరి మెదడు ఉలికిపాటుకు ఒక్కో ఆకారం ఉంటుంది, చేతిరాతలాగా. అన్నది లేచి, పడి, మళ్లీ చిన్నగా లేస్తుంది. ఆ రెండో లేవడం ఇంకెవరికీ లేదు. అన్న పేరు కింద రోజుకొక్క గంట ఉంది, సరిగ్గానే ఉంది. పక్క పేరు తీశాను. అదే గీత. ఇంకొకటి తీశాను. పద్నాలుగు పేర్ల కింద మా అన్న గీతే ఉంది. అందులో యాకూబ్ పేరు కూడా ఉంది. యాకూబ్ మాఘమాసంలో పోయాడు. ఆయన చెవి మాత్రం అప్పటినుంచి ఒక్క రోజు కూడా డ్యూటీ ఎగ్గొట్టలేదు.

స్కూటీ వేసుకుని స్టేషన్‌కు పోయాను. అన్న వాళ్ల గదిలో టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. ఏమీ అడగకుండా, "యాకూబ్ భాయ్ గంట ఎవరు చేస్తున్నారు?" అన్నాను.

విప్పిన డబ్బాకు మళ్లీ మూత పెట్టేశాడు. "తోటోని డ్యూటీ ఆబ్సెంట్ పడనిస్తమా చెల్లె?" అన్నాడు. "ఒకలకు టైఫాయిడ్, ఒకల బిడ్డ పెండ్లి. రత్నంసారు కండ్లకు ఆపరేషన్. అద్దె తగ్గితే సర్వరు ఆగుతది గద. యాకూబ్ భాయ్ పోయిన దినం, ఆయన పేరు చార్టుల ఎర్రగ పడ్డది. సూడలేకపోయిన. వాళ్లందరి పాస్‌వర్డులు నాకే తెల్సు. పట్టీ పేరు అడుగుతది గని, చెవి అడగదు."

రైల్వేలో ఇది మామూలు. ఒకడికి ఒంట్లో బాగోలేకపోతే ఇంకొకడు ఆ డ్యూటీ ఎక్కేస్తాడు, మాటామంతీ లేకుండా. మా నాన్న అలా ఎందరి పండుగలు కాపాడాడో. అది తెలిసిన నేను, గంటను పేరుకు కట్టాను గాని చెవికి కట్టలేదు.

"రోజుకు ఎన్ని గంటలు?"

"డ్యూటీల తీసేస్త. తక్కినప్పుడు ఉంటది."

"నిద్రలో?"

"నిద్రల గూడ."

"నీకు ఏమవుతోందో తెలుసా?"

"తెల్సు," అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. "చప్పుడు వినవడ్తది. ఎవలదో తెల్వది. మంచిగున్నదా, చెడ్డదా, గంతే తెలుస్తది. వానొచ్చినా గంతే, బండొచ్చినా గంతే. ఉద్యోగానికి మంచిదే, మొన్న సర్టిఫికెట్ గూడ ఇచ్చిన్రు." నవ్వబోయి మానేశాడు. "మంజులకు చెప్పకు."

చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లోనే పరీక్ష పెట్టాను. అన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాలప్యాకెట్ మీద రాసి ఉన్న ఒకే వాక్యం వదిన చదివింది, నేను చదివాను, హారిక చదివింది, పక్కింటామె చదివింది. ఎవరి గొంతు ఏదో చెప్పమన్నాను.

"మొదటిది మంచిగున్నది," అన్నాడు. "రెండోది జర చెడ్డది. మూడు, నాలుగు మంచిగున్నయ్."

ఆ వారం నాకు జలుబు. చెడ్డదని ఆయన చెప్పింది నిజమే. వదిన అక్కడినుంచి లేచి పెరట్లోకి వెళ్లి, ఉతికిన బట్టలే మళ్లీ ఉతకడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వస్తూ "నేను, మంజులను" అని చెప్పి వచ్చేది. సొంత ఇంట్లో మొగుడికి పేరు చెప్పుకుని రావాల్సిన గతి ఆమెకు నా వల్లే పట్టింది. ఆమె ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించాం. చెవి నిక్షేపంగా ఉందన్నాడు. "మెదడు ఇల్లు సర్దుకుందమ్మా," అన్నాడు. "రోజంతా ఒక్క పనే అడిగితే, మిగతా సామాను అటక మీద పెట్టేసింది. దించుతుందో లేదో చెప్పలేను. దించితే మాత్రం ముందు ఇంట్లోవాళ్ల గొంతులే దిగుతాయి. పట్టీ మానేయండి. మనుషుల గొంతులు బాగా విననివ్వండి."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. 'కూత'కు నేను వేసిన మందు అది.

పట్టీలన్నీ ఆపించాను. మూడు వందల మందివీ. అదే వారం పంపుల కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. పద్నాలుగు పేర్లతో వచ్చిన గీత తమకు దొరికిన చెవులన్నిటిలోకీ శ్రేష్ఠమైనదనీ, ఆ ఒక్క మనిషి ఉంటే చాలనీ, అద్దె మూడింతలు చేస్తామనీ అన్నాడు. ఇంకే చప్పుడూ అడ్డురాదు కాబట్టి శ్రేష్ఠమైంది. నేను ఆయనను తిట్టిన తిట్లు ల్యాబ్‌లో చాలామంది విన్నారు. నిజానికి అవి ఆయనకు కాదు. ఆ నెలాఖరున ఉద్యోగం మానేశాను.

"సైటు ఆగిపోతది," అన్నాడు అన్న. డాక్టరు చెప్పినదానికంటే దానికే ఎక్కువ కుంగిపోయాడు. "నాది ఎట్లనో పోయింది. తక్కినోళ్లకన్న వినవడ్తాంది గద. ఇంక నాలుగు నెలలు పెట్టుకుంట చెల్లె. అంతల్నే ఏదన్న దారి దొరుకుతది."

"హారిక గొంతు కావాలా, సైటు కావాలా?"

అంత కఠినంగా అడగకుండా ఉండాల్సింది. ఆయన తన చేత్తోనే పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. చెవి వెనుక చర్మం పాలిపోయి ఉంది.

నెల రోజుల్లో 'కూత' మూతపడుతుందని ఆయనే నోటీసు రాసిపెట్టాడు. కారణం రాయలేదు. రత్నంగారు నాకు ఫోన్ చేసి నిలదీశారు. చెప్పేశాను.

"నా కంటి ఆపరేషన్ అప్పుడు కూడానా?" అన్నారు.

"అవునండీ. పద్దెనిమిది రోజులు."

"అడగొచ్చు కదమ్మా వాడు! ఒక్క మాట అడిగుంటే ఏం పోయిందంట? మేవేమన్నా పరాయోళ్లమా?" ఆయన ఏడుస్తున్నారని గొంతును బట్టి నాకు తెలిసింది. నాకింకా తెలుస్తుంది కదా అనిపించి, నా చెవుల మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం రత్నంగారు జరిగిందంతా 'కూత'లో రాశారు. కింద చందా ఎలా పంపాలో రాశారు. అన్న చూస్తే తీసేయిస్తాడని నేను సైటు తాళాలు ముందే నా దగ్గర పెట్టుకున్నాను. తొమ్మిది రోజుల్లో రెండేళ్ల సర్వరు ఖర్చుకు సరిపోయేంత వచ్చింది. నడికుడి గేట్‌మన్ పంపాడు. టైఫాయిడ్ నుంచి లేచినవాడు పంపాడు. యాకూబ్ భార్య కుట్టుకూలీలోంచి పంపింది. అరవై వేల మంది ఇన్నాళ్లూ ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారు. ఎవరూ అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నారు.

అన్న ఆ జాబితా చూసి ముఖం తువాలుతో కప్పుకున్నాడు. "గింత అల్కగనా," అన్నాడు. "గింత అల్కగ అయ్యేదా చెల్లె?" పక్కన కూర్చుని ఆయన భుజం పట్టుకున్నాను, అంతే.

మనుషుల గొంతులు బాగా వినాలని డాక్టరు అన్నాడు కదా. నాలుగైదు నెలలైనా మార్పు లేకపోయేసరికి, దానికి రత్నంగారే ఒక ఏర్పాటు చేశారు. డబ్బు పంపినట్టే గొంతు కూడా పంపమని సభ్యులకు చెప్పారు. అందరూ ఒకే మాట పలకాలి: "మేమున్నాం." పేరు చెప్పకూడదు. వాళ్ల పద్ధతే అది. మొదటి వారానికి రెండు వందల పన్నెండు గొంతులు వచ్చాయి. పట్టీ తీసి అప్పటికి ఐదు నెలలు.

వాటిని వినిపించబోయే ముందురోజు హారిక నన్ను మేడమీదికి లాక్కుపోయింది.

"నాది గూడ రికార్డ్ చెయ్ అత్తా. నేను గూడ 'మేమున్నాం' అంట, పేరు చెప్ప. నాన్న నా దగ్గర ఆపుతడు సూడు. 'ఇది మా బిడ్డ' అంటడు. డాక్టర్ చెప్పిండు గద, ఇంట్లోళ్లది ముందు వస్తదని."

ఆ పిల్లకు వద్దని ఎలా చెప్పను? నాకూ ఆశగానే ఉంది. నాలుగుసార్లు పలికి, నాలుగోది బాగుందని తనే ఎంచింది. అన్న అలసిపోకముందే వినాలని దాన్ని మూడోదిగా పెట్టాను.

ఆదివారం పొద్దున అందరం ముందు గదిలో కూర్చున్నాం. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది. హారిక నాన్న ఎదురుగా, మోకాళ్లు రెండు చేతులతో చుట్టుకుని కూర్చుంది. అన్న కళ్లు మూసుకున్నాడు. నేను మొదలుపెట్టాను.

మొదటిది ఎవరో పెద్దాయనది. "మంచిగున్నది," అన్నాడు అన్న. రెండోది ఎవరో కుర్రాడిది. దానికీ తలూపాడు. మూడోది మోగింది. "మేమున్నాం." చిన్నగా, స్పష్టంగా, చివరన కొంచెం నవ్వు ఆపుకుంటూ. హారిక ఊపిరి బిగబట్టింది. అన్న తలూపాడు.

నాలుగోది మోగింది.

నేను ఆపలేదు. ఆపితే ఏం చెప్పాలి? ఒకటి తర్వాత ఒకటి రెండు వందల పదమూడూ అయ్యాయి. అన్న ఒక్కదాన్ని కూడా అశ్రద్ధగా వినలేదు. మధ్యలో ఒకచోట నీళ్లు తాగాడు. అంతా అయ్యాక కళ్లు తెరిచాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"అన్నీ మంచిగున్నయ్ చెల్లె," అన్నాడు. "ఒక్కటి గూడ చెడలే."

తర్వాత హారిక వైపు చూశాడు. ఆ పిల్ల ముఖంలో ఏం కనిపించిందో గాని, ఆయన ముఖం వాడిపోయింది.

"నువ్వు గూడ పంపినవా బిడ్డా? వీటిల నీది ఉన్నదా?"

హారిక నా వైపు చూడలేదు, వాళ్లమ్మ వైపూ చూడలేదు.

"లేదు నాన్నా. నేనింకా పంపలే," అంది. "రేపు పంపుత."

అన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "పంపు బిడ్డా. నీదైతే నేను వెంటనే పడ్త," అని దాని తల నిమిరాడు.

మరునాడు పొద్దున బడికి పోయేముందు హారిక బూట్లు వేసుకుని నా దగ్గరికి వచ్చింది. నాన్న మళ్లీ వినేలోపు ఆ మూడోది తీసేయమని చెప్పి వెళ్లింది.